పలకరాతిపై పండిన ద్రాక్ష

మార్కాపురపు పలకమీద ఓనమాలు దిద్దని తెలుగువాడు ఒకప్పుడు అరుదు. దొనకొండలో రైలెక్కి, పడమరగా గజ్జెలకొండ మీదుగా మార్కాపురము రోడ్డు వరకు పోవు బాటసారికి ఇరుప్రక్కల కనబడునవి మెట్టచేలు, ముండ్లపొదలు, రాళ్లగుట్టలు. ఆపైన కంభము దిక్కుగా సాగినకొలది నేల అడుగున పొరలు పొరలుగా చీలెడి నల్లరాయి కలదు. భూగర్భశాస్త్రజ్ఞులు సైతము దానికి కంభము పేరే పెట్టినారు. నూరుకోట్ల యేండ్లకు పూర్వము నీటి అడుగున పేరుకొన్న బురద, భూమి యొత్తిడికి గట్టిపడి పలకయైనది. ప్లాస్టికు పలకలును నోటుపుస్తకములును వచ్చిన పిదప బడిపలకకు గిరాకి పడిపోయినది. ఇప్పుడా రాయి నేలకును గోడలకును పరచెడి బండలుగా దేశాంతరములకు పోవుచున్నది. రాతికి కొనుగోలుదారు దొరకినాడు కాని, రాతినంటిన మెట్టనేలకు మాత్రము విలువ కట్టినవారు తక్కువ. ఉత్తరపు పొరుగైన పలనాటిని దాని రాళ్లకును జొన్నకూటికిని శ్రీనాథుడు వెక్కిరించినట్లు చెప్పెడి చాటువులు నేటికిని ప్రచారములో ఉన్నవి. ఆ వెక్కిరింత తనకును తగులునని దొనకొండ సీమవాడు ఎరుగును; ఎరిగియు నవ్వుకొనును.

స్పానిషు భాషలో పలకరాతికి ‘పిసర్రా’ అని పేరు. బడిలోని నల్లబల్లకును అదే పేరు. తెలుగున రాతికిని బడిపిల్లల చేతి పలకకును ఒక్కమాట యున్నట్లే అక్కడను ఒక్కమాట చెల్లుచున్నది. అయితే ఆ దేశమున పిసర్రా కొండవాలులమీద మరియొక చదువు కూడ సాగినది. ఈశాన్యమున అరగాన్ సీమలో, ఎబ్రో నదికి దక్షిణముగా, వానలు చాలని యెత్తుప్రదేశములలో, అట్టి పలకరాళ్ల సందులలో వేళ్లు దించి ఒక ద్రాక్షజాతి శతాబ్దులుగా బ్రతుకుచున్నది. స్పెయిన్‌లో దాని పేరు గర్నాచా, ఫ్రాన్సులో గ్రెనాష్, సార్డీనియా ద్వీపమున కన్నొనౌ. దాని పుట్టిల్లు అరగానే యని పెక్కుమంది పండితుల మతము. సార్డీనియావారు దీనిని ఒప్పుకొనరు, తమదియే పుట్టిల్లందురు. ఆ ద్వీపము 14వ శతాబ్ది మొదలుకొని నాలుగు వందల యేండ్లపాటు అరగాన్ రాజుల యేలుబడిలోను, వారి వారసులైన స్పెయిన్ రాజుల యేలుబడిలోను ఉండినది కనుక, తీగె ఏ యొడ్డునుండి ఏ యొడ్డునకు ప్రయాణము చేసినదో తేలుట సులభము కాదు.

ఇచ్చట ఒక మాట చెప్పుకొనవలసియున్నది. ద్రాక్షమద్యమును గూర్చి వ్రాసిన వ్యాసము తెలుగు పాఠకుని కొంత ఇరుకున పెట్టును. మన యూళ్లలో ‘వైన్సు’ అని పెద్దబల్ల కట్టిన దుకాణములో ద్రాక్షారసము తప్ప తక్కినవన్నియు దొరకును. పొరుగున నెల్లూరు జిల్లా దూబగుంటలో స్త్రీలు 1992లో సారాపై తిరుగబడిన సంగతియు, 1995లో రాష్ట్రమున వచ్చిన సంపూర్ణ నిషేధము 1997లో సడలిన సంగతియు నెవరును మరువలేదు. ఆయుర్వేదపు ద్రాక్షాసవము, ద్రాక్షారిష్టము వినా ద్రాక్షను పులియబెట్టిన రసమును రుచిచూచినవారు మనలో కొద్దిమంది. కనుక ఈ వ్యాసము త్రాగుడును గూర్చినది కాదు. పనికిరానిదని లోకము త్రోసివేసిన మొక్కను, పనికిరానిదని త్రోసివేసిన నేలను గూర్చినది.

మొక్క స్వభావమును ముందు తెలిసికొనవలెను. గర్నాచా వసంతమున ముందుగా చిగుర్చును, శరత్తున అందరికంటె వెనుక పండును. అందుచే దానికి దీర్ఘమైన వేసవి కావలెను. ఎండను, గాలిని, నీటియెద్దడిని ఓర్చుకొనుటలో దానికి సాటివచ్చు జాతులు కొలది. కాండము గట్టిది, కొమ్మలు నిటారుగా లేచును. అందుచే దానికి పందిరి అక్కరలేదు, తీగె కట్టనక్కరలేదు. మన దేశమున ద్రాక్ష యనగా పందిరి జ్ఞప్తికి వచ్చును. హైదరాబాదు పరిసరములలో ఒకనాడు పేరుమోసిన అనాబెషాహి తోటలన్నియు పందిళ్లే. అరగాన్ రైతు మాత్రము తీగెను మోకాలెత్తున నరికి, మూడు నాలుగు చేతులు పైకి చాచిన గిన్నెవలె తీర్చును. ఏటేట శీతకాలమున కత్తిరింపగా కత్తిరింపగా అది మెలికలు తిరిగిన నల్లని మోడగును. ఆకులు తన నీడను తానే నేలమీద పరచుకొని, వేళ్లవద్ద తడిని కాపాడును.

లోపములును కలవు. పూత రాలిపోవు గుణము దానికెక్కువ; చలిగాలియో వానయో పూతవేళ తగిలెనా, గుత్తిలో సగము గింజలు నిలువవు. తొక్క పలుచన, అందుచే రంగును వగరును తక్కువ. చక్కెర మాత్రమెక్కువ, కనుక పులిసిన రసములో మత్తుపాలు హెచ్చు, నూటికి పదునాలుగు పదునైదు పాళ్లకు సులభముగా చేరును. గాలి సోకినచో త్వరగా రంగు మారి పాడగును. సారవంతమైన నేలలో నీరు పారించి పెంచినచో విరగకాయును గాని, ఆ పండ్లరసము తియ్యని నీరువలె చప్పగా నుండును. ఇదియంతయు ‘మోటుద్రాక్ష’ యను పేరు దానికి తెచ్చినది. పలకరాతి వాలుమీద దీనికి వ్యతిరేకముగా జరుగును. పొరలు నిట్టనిలువుగ చీలియుండును గనుక వేళ్లు ఆ చీలికలలోబడి లోతునకు దిగి, రాతి సందున మిగిలిన తేమను వెదకికొనును. నల్లరాయి పగటి యెండను పీల్చి రాత్రి తీగెకు వెచ్చదనమిచ్చును. సముద్రమట్టమునకు ఏడెనిమిదివందల మీటర్ల యెత్తున, కొన్నిచోట్ల వేయి మీటర్లవరకు, రాత్రులు చల్లబడుటచే పండులోని పులుపు నిలుచును. కాపు మాత్రము స్వల్పము. వయస్సు మీరిన మోడునుండి ఒక కిలో, రెండు కిలోల పండ్లు వచ్చిన గొప్ప. కాని ఆ కొద్ది రసములో ఎఱ్ఱని చిరుపండ్ల వాసనయు, మిరియపు ఘాటును, కొండమీది మూలికల సువాసనయు చిక్కగా కూడియుండునని రుచి తెలిసినవారి మాట.

ఇట్టి కొండల నడుమ కలతాయూద్ అను పట్టణమున్నది. ఆ పేరు అరబ్బులు పెట్టినది. అయ్యూబుకోట యని అర్థము. దానికి చేరువ నున్న గుట్టమీద రోమనుల నాటి బిల్బిలిస్ శిథిలములు కలవు. లాటిన్ కవి మార్షియల్ జన్మస్థలమది. క్రీ.శ. 40 ప్రాంతమున పుట్టి, ఇరువదినాలుగేండ్ల వయస్సున రోమునకు పోయి, ముప్పదినాలుగేండ్లు ధనికుల వాకిండ్లలో కాలము గడపి, చిన్నచిన్న పద్యములలో నగరమునంతటిని నవ్వించి, ఏడిపించినవాడు. మన చాటుకవులకు దగ్గరి చుట్టము. పలనాటిని వెక్కిరించినట్లు చెప్పబడు శ్రీనాథుడు ఆ సీమకు అతిథి. మార్షియల్ తన రాళ్లసీమకు బిడ్డ. అందుచే అతని ధోరణి వేరు. తన సీమ పేళ్లు కర్ణకఠోరములైనను వానిని పద్యమున నిలుపుటకు సిగ్గుపడనని అతడు చెప్పుకొనినాడు. ఇనుమునకు పదును పెట్టెడి తన యూరి నదిని పేరుపెట్టి స్మరించినాడు. క్రీ.శ. 98 ప్రాంతమున విసిగి ఇల్లు చేరినప్పుడు, మార్సెల్లా యను నామె ఆతనికొక చిన్న పొలమును దానమొసగినది. అందలి తోపును, ఊటలను, ద్రాక్షపందిరి నీడను అతడు పద్యమున మెచ్చుకొనెను. ఆ పందిరి గర్నాచాది అని చెప్పుటకు ఆధారము లేదు. కాని పల్లెను విడిచిన విద్యావంతుడు ముప్పదియేండ్లకు పల్లె చేరుట, చేరినపిదప మరల నగరమునకై బెంగపడుట — ఇది దొనకొండ రైలుస్థానమున దిగు నేటి యుద్యోగికి క్రొత్త కథ కాదు.

కలతాయూద్‌కు ఉత్తరముగా మొంకాయో పర్వతమున్నది. 2,300 మీటర్లు మించిన దాని శిఖరము శీతకాలమున మంచుతో తెల్లబడును. ఆ పర్వతపు దిగువన బోర్హా అను చిన్నపట్టణము, దాని చుట్టును ‘కాంపో దె బోర్హా’ యను ద్రాక్షసీమ. అక్కడ వాన ఏటికి నాలుగువందల మిల్లీమీటర్లకు అటునిటు. పడమటి ప్రకాశములో అంతకంటె హెచ్చుగానే కురియును. కాని నాలుగు తుఫానుదినములలో కురిసి వాగులపాలగును. బోర్హాలో వాయవ్యమునుండి ‘సియెర్సో’ యను పొడిగాలి ఏడాది పొడుగున వీచి, పండ్లమీది తేమనార్చి కుళ్లురాకుండ కాచును. బలహీనమైన కొమ్మలు గల జాతిని ఆ గాలి విరిచివేయును, గర్నాచాను విరువలేదు.

ఆ పర్వతచ్ఛాయలోనే 12వ శతాబ్దినాటి వెరువేలా మఠము కలదు. సిస్టర్సియన్ సన్యాసులు అచ్చట దేవుని గొలుచుచు ద్రాక్షతోటలు సాగుచేసిరి. 1835లో ప్రభుత్వము మఠముల భూములను స్వాధీనపరచుకొనినప్పుడు వారు వెడలిపోవలసివచ్చెను. ఖాళీపడిన ఆ మఠపు గదులలోనికి 1863 చివర క్షయరోగపీడితుడగు ఒక యువకవి తన చిత్రకారసోదరునితో వచ్చి చేరెను. అతడు గుస్తావో అదోల్ఫో బెక్కేర్. అచ్చటినుండి మాడ్రిడ్ పత్రికకు అతడు వ్రాసి పంపిన లేఖలు 1864లో వెలువడి, పిమ్మట ‘నా గదినుండి లేఖలు’ అను గ్రంథమైనవి. రాజధాని పాఠకులకు మొంకాయో పల్లెలను, అందలి జానపదుల గాథలను, మంత్రగత్తెల కథలను పరిచయము చేసినవి ఆ లేఖలే. దినపత్రికలో వచ్చిన సాహిత్యవ్యాసములు ఒక మారుమూల సీమకు శాశ్వతమైన పేరు తెచ్చిపెట్టుట అరుదుగా జరుగు విషయము. ఇప్పుడా మఠపు ఆవరణలోనే ద్రాక్షమద్య ప్రదర్శనశాల యున్నది.

కరిన్యేనా కథ వేరు. అది వర్తకుల కథ. గర్నాచాకు చులకన కలిగించినదియు ఆ వర్తకమే. 1863 ప్రాంతమున ఫ్రాన్సులో ఫిలాక్సెరా యను పేనువంటి పురుగు ద్రాక్షవేళ్లను తిని తోటలకు తోటలను నాశనము చేయగా, ఫ్రెంచి వర్తకులు సరకునకై స్పెయిన్ దారి పట్టిరి. 1882నాటి వాణిజ్యపు ఒడంబడిక వారి పని సులువు చేసినది. కరిన్యేనానుండి సరగోసాకు 1887లో మీటరుగేజీ రైలుమార్గము పడినది. పీపాలు పీపాలుగా మద్యము పొరుగుదేశమునకు సాగెను. మీటరుగేజీ యన్నంతనే దొనకొండవారికి తమ యింజనుషెడ్డు, రైల్వే కాలనీ గుర్తునకు రాకమానవు. 1990 దశకమున పెద్దగేజీ వచ్చి, ఆ సందడి సద్దుమణిగిన తీరును వారు కన్నులార చూచినవారే. కరిన్యేనా సందడియు అంతే. పదేండ్లు నిండగానే ఒడంబడిక ముగిసినది. పిమ్మట ఆ పురుగే అరగానునకును వచ్చినది. అమెరికా వేళ్లమీద అంటుగట్టి మరల తోటలు వేసిరి. నేడు ‘ముసలిమోళ్లు’ అని గొప్పగా చెప్పుకొనువానిలో పెక్కు ఆ పిదప నాటినవే.

1932లో కరిన్యేనాకు మూలస్థాననామము లభించినది. స్పెయిన్‌లో తొలితొలి గుర్తింపులలో అదియొకటి. అయినను పేరు సీసామీదకి ఎక్కలేదు. 20వ శతాబ్ది నడుమ పల్లెపల్లెను సహకారసంఘములు వెలసినవి. బోర్హా సంఘము 1958లోను, మియేదెస్ గ్రామపు సంఘము 1962లోను ఏర్పడినవి. అవి రైతులను ఆకలినుండి కాపాడినవి, సందేహము లేదు. కాని పండ్లకు ధర కట్టిన తీరు వేరు. కిలోల బరువును రసములోని చక్కెర డిగ్రీతో గుణించి, వచ్చిన లెక్కకు సొమ్ము చెల్లించిరి. కొండవాలు పండైనను పల్లపుచేని పండైనను, నూరేండ్ల మోడైనను మొన్న నాటిన మొక్కయైనను ఆ లెక్క ముందు ఒక్కటియే. ఆ రసము తొట్టిబండ్లలో రియోహా వంటి పేరుగల సీమలకు పోయి, అచ్చటి పలుచని సరకునకు బలము చేకూర్చెను. బలము గర్నాచాది, పేరు రియోహాది.

కాపు తక్కువ, ధర బరువును బట్టి. ఇక ముసలిమోటిని ఉంచుట యెందుకు? స్పెయిన్ 1986లో యూరోపియన్ ఆర్థికసమాజమున చేరినది. మద్యము మితిమీరి పోగుపడుచుండుటచే, 1988నుండి తోట పీకివేసిన రైతునకు హెక్టారుకింతయని పరిహారమిచ్చు నిబంధన అమలుజరిగెను. ఎవరికి? సహజముగా వయస్సు మీరినవారికి, కొడుకులు పట్టణములకు పోయినవారికి, వాలుమీది చేనికి కూలి దొరకనివారికి. అనగా మేలైన తోట యెవరి చేతిలో నున్నదో వారికే. తండ్రి నాటిన మోటికి గొలుసు కట్టి ట్రాక్టరుతో పెరికించిన చేయి వణకకుండునా? ఒకప్పుడు స్పెయిన్ ఎఱ్ఱద్రాక్షలలో మొదటిదైన గర్నాచా, ఆ దశాబ్దములలో సగమునకు మించిన విస్తీర్ణమును పోగొట్టుకొని తెంప్రనీయో జాతికి వెనుకబడినది. ఆ పరిహారమును నిందించుట సులభము. దానిని పుచ్చుకొన్న ముదుసలిని నిందించుట అన్యాయము.

మార్పు మొదట కతలూన్యాలోని ప్రియొరాత్‌లో వచ్చినది. 1989లో రెనే బార్బియే, ఆల్వారో పలాసియోస్ మున్నగువారు అక్కడి పలకరాతి వాలులమీద మిగిలిన పాత గర్నాచాను కరిన్యేనా జాతితో జతచేసి మేలిరసమును తీసిరి. పలాసియోస్ 1993లో తొలుత తీసిన ‘లెర్మితా’ ప్రపంచమున అత్యంత ఖరీదైన వానిలో చేరినది. ప్రియొరాత్ ప్రసిద్ధమైనది, ఇక దానిని గూర్చి చెప్పనక్కరలేదు. చెప్పవలసినది, దానిని చూచి తమ కొండలవైపు తలయెత్తి చూచిన చిన్నసీమలను గూర్చి. బోర్హా సంఘము తన యూరి ప్రాచీననామమును తలపించు ‘బోర్సావో’ పేరుతో సీసాలు కట్టి అమెరికాకు పంపి, అక్కడి విమర్శకుల మెప్పు పొందినది. 2003లో నోరెల్ రాబర్ట్‌సన్ అను స్కాట్లండు నిపుణుడు కలతాయూద్‌లో కాపురముండి, కొండమీది పాతతోటల పండ్లను వేరువేరుగా పులియబెట్టెను. ఊరివాడు చెప్పిన చెవినిబెట్టని మాట పరదేశి చెప్పగా చెవికెక్కుట సర్వదేశసామాన్యము. ఒంగోలు గిత్త ఘనతను బ్రెజిలువాడు ‘నెలోరె’ యని పిలిచి పెంచిన పిదపగదా మనము చెప్పుకొనసాగితిమి!

మాడ్రిడ్‌కు పడమట గ్రేదోస్ కొండలలో ఇది మరియొక రూపు దాల్చినది. అక్కడిది గ్రానైటు ఇసుకనేల, అక్కడక్కడ పలకరాయి. 2008లో దానియెల్ లాండీ, ఫెర్నాందో గార్సియా మున్నగు యువకులు ‘కొమాందో జి’ పేరిట అచ్చట విడువబడిన తోటలను తిరిగి సాగుచేసిరి. వారి రసము లేత యెరుపు, తేలిక, సువాసన ప్రధానము. మోటుదని పేరుపడిన గర్నాచాకు ఇంతటి సౌకుమార్యము కలదాయని రుచివేత్తలు విస్తుపోయిరి. కొండలలోని సెబ్రేరోస్ ఇప్పుడు తన పేరిట మూలస్థాననామమును పొందినది. దక్షిణ కతలూన్యాలోని తెర్రా ఆల్తా ఎఱ్ఱదానికంటె తెల్ల గర్నాచాకు ప్రసిద్ధి. 1938లో ఎబ్రోయుద్ధము ఆ తోటల నడుమనే జరిగినది. శిథిలమైన కొర్బేరా గ్రామమును జ్ఞాపకార్థము అట్లే నిలిపియుంచిరి.

ఇంతటితో కథ సుఖాంతమనుకొనరాదు. ఎండలు ముదిరి పండులో చక్కెర పెరిగి, మత్తుపాలు పదునైదు దాటుచున్నది. అంత ఘాటైనది నేటివారికి రుచింపదు. అందుచే క్రొత్తతోటలు ఇంకను పైకి, చల్లని యెత్తులకు ప్రాకుచున్నవి. 2023నాటి కరవు కతలూన్యాలో కరవునకు జంకని ముసలిమోళ్లను సైతము క్రుంగదీసినది. అన్నిటికంటె పెద్దకొరత చేతులది. గిన్నెవలె తీర్చిన మోటిని యంత్రముతో కోయుట కుదురదు. ఒక్కొక్క మోటి యెదుట వంగి, ఈ యేడు ఏ కన్ను ఉంచవలెనో, ఏది తీయవలెనో చూచి కత్తిరింపగల చేయి కావలెను. అది పుస్తకమున నేర్చునది కాదు. సరగోసాలో నివసించు సెర్హియో దెల్ మొలీనో 2016లో ‘ఖాళీ స్పెయిన్’ అను గ్రంథమును వెలువరించెను. 2019 మార్చి 31న ఆ ఖాళీ పల్లెలవారు మాడ్రిడ్ వీథులలో ఊరేగి తమ గోడు వినిపించిరి. వైద్యుడు లేడు, బడి మూతబడినది, రైలు ఆగుట లేదు — వారి ఫిర్యాదుల పట్టిక ఇది. కనిగిరి, మార్కాపురము ప్రాంతములనుండి హైదరాబాదుకును బెంగుళూరుకును వలసపోయిన కుటుంబముల పెద్దలకు దీనిని అనువదించి చెప్పవలసిన పనిలేదు.

గర్నాచాను తెచ్చి దొనకొండలో నాటుదమా యని అడుగువారుందురు. నాటరాదు. ద్రాక్షకు శీతకాలపు నిద్ర అక్కరయైనది. మన సీమలో దానికి నిద్రపట్టదు, అందుచేతనే మనవారు ఏటికి రెండుమారులు కత్తిరించి పంట తీయుదురు. దొనకొండ మెట్టకు తగిన పైరులు దానికే యున్నవి: సజ్జ, కొఱ్ఱ, కంది, ఆముదము. 1996లో శంకుస్థాపన జరిగిన వెలిగొండ నీటికై ఎదురుచూచిన యేండ్లన్నిటను ఇంటి కుండలో ఉడికినవి అవియే. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించినప్పుడు పట్టణవాసులు కొఱ్ఱన్నపు మహిమను తెలిసికొనిరి. కాటామీద మాత్రము సారవంతమైన రేగడిచేని కందియు, రాతిమెట్టలో రెండు వానలకు నిలిచిన కందియు నేటికిని ఒక్కధరకే పోవుచున్నవి. బోర్హాలోనైనను కొండవాలు పండును వేరుగా దింపి, వేరుతొట్టిలో పోసి, వేరుధర కట్టుటకు సహకారసంఘము ఆరంభించిననాడే కొందరు పీకివేయుట మానిరి. ఆ వేరుతొట్టి వచ్చునప్పటికి మిగిలిన ముసలిమోళ్లు ఎన్నియో అన్నియే. నేడు నాటిన మొక్క ఆ వయస్సునకు వచ్చుటకు ఇంకను ఎనుబదియేండ్లు పట్టును.